ఇంట్లో ఎలక్ట్రానిక్ పార్టులు ఎలా సర్దుకోవాలి? రిపేరు బల్ల దగ్గర్నుంచి ఒక సమాధానం

మీరు అడిగినవి నాలుగు. కోఠీలో కొన్నవి, ఆన్‌లైన్‌లో తెప్పించినవి కలిసి మూడు క్యారీ బ్యాగులయ్యాయి, ఎలా సర్దాలి? మీ పాప గుమ్మరించేసిన 600 రెసిస్టర్ల కిట్‌ను మళ్లీ విడదీయడం ఎలా? అన్నింటికీ యాంటీ స్టాటిక్ (రాపిడితో పుట్టే కరెంటు నుంచి కాపాడే) కవర్లు కావాలా? 64 అరల ప్లాస్టిక్ డబ్బా కొనొచ్చా? ఈ నాలుగింటి మధ్యలో ఇంకో మాట కూడా అనేసి ముందుకెళ్లిపోయారు. పాత ఫోను బ్యాటరీ ఒకటి "కొంచెం ఉబ్బింది", అదీ ఆ బ్యాగుల్లోనే ఉందని. ముందు దాని సంగతి చూద్దాం.

చదవడం ఆపి దాన్ని బయటకు తీయండి. గుచ్చొద్దు, నొక్కొద్దు, పనిచేస్తుందేమోనని ఛార్జింగ్ పెట్టొద్దు. కనెక్షన్ల మీద టేపు వేసి, పొడి ఇసుక పోసిన మట్టి కుండలో పెట్టి, మూత బిగించకుండా బాల్కనీలో ఎండ తగలని మూల ఉంచండి. వీలైనంత తొందరగా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేయండి. చెత్తబండిలో వేయకండి. అక్కడ నలిగితే బండిలోనే అంటుకుంటుంది. లిథియం పాలిమర్ బ్యాటరీలతో నేను వాదన పెట్టుకోను.

ఇక అసలు విషయం. నాది కాకినాడలో చిన్న రిపేరు షాపు. టేప్ రికార్డర్లు, కలర్ టీవీలతో మొదలుపెట్టి ఇప్పుడు ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు, వాషింగ్ మెషీన్ బోర్డులు చూస్తున్నాను. ఈ పనిలో 26 ఏళ్లయింది. పార్టులు సర్దడం ఈ కాలంలో నాలుగుసార్లు మొదటినుంచీ మార్చాను, నాలుగోసారే కుదిరింది. అది కూడా ఎలక్ట్రానిక్స్ వల్ల కాదు, మా అమ్మ వంటింటిని చూసి.

అమ్మ రోజూ వాడే ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, మెంతులు పొయ్యి పక్కన పోపుల డబ్బాలో ఉండేవి. వారానికోసారి కావలసినవి అలమారలో సీసాల్లో. ఏడాదికి సరిపడా చింతపండు, కారం జాడీల్లో, అటక మీద. చెయ్యి ఎంత తరచుగా వెళ్తుందో దాన్ని బట్టే ఆవిడ సర్దింది. ఈ హాబీలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు. రోజూ వాడే 10కే (పదివేల ఓముల) రెసిస్టర్‌కీ, మూడేళ్లకోసారి వాడే ట్రయాక్‌కీ (ఏసీ కరెంటును స్విచ్ చేసే పార్టు) ఒకే సైజు అర, ఒకే వరసలో ఇస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. రెండు వారాల తర్వాత బల్ల మీద మళ్లీ అదే కుప్ప.

నా బల్ల మీద నిజంగానే ఒక స్టీలు పోపుల డబ్బా ఉంది. ఏడు గిన్నెల్లో వరసగా 1కే రెసిస్టర్లు, 10కే రెసిస్టర్లు, 104 కెపాసిటర్లు, 1ఎన్4007 డయోడ్లు, బీసీ547 ట్రాన్సిస్టర్లు, ఎరుపు ఎల్‌ఈడీలు, 100 మైక్రోఫారాడ్ 25 వోల్టుల కెపాసిటర్లు. మీరు ఈఎస్‌పీ32 అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుతో ఆడుకుంటున్నానన్నారు కాబట్టి మీ ఏడు వేరేగా ఉంటాయి. ఒక నెల పని చేసి, ఏ ఏడింటి కోసం ఎక్కువసార్లు లేచారో చూసి పెట్టుకోండి. కానీ ఒక షరతు. ఆ డబ్బా మళ్లీ వంటింటికి వెళ్లకూడదు. పార్టులు అతికించడానికి మనం వాడే 60/40 సోల్డర్ తీగలో నూటికి 40 వంతులు సీసమే. దాన్ని పట్టుకున్న చేతులే ఆ గిన్నెల్లోకీ వెళ్తాయి.

సర్దిన పద్ధతి బాగుందో లేదో తేల్చుకోవడానికి నా దగ్గర ఒకటే పరీక్ష. రాత్రి పదకొండింటికి పని అయ్యాక, మిగిలిన ఐదు పార్టులు వాటి చోట్లలో పెట్టడానికి ఎంతసేపు పడుతోంది? నిమిషం దాటితే మీరు పెట్టరు. నేనూ పెట్టను. అందుకే "తర్వాత సర్దేవి" అని ఒక డబ్బా తప్పకుండా పెట్టుకోండి, కానీ కావాలనే చిన్నది పెట్టుకోండి. నాది పాత సబ్బు పెట్టె. అది నిండిన రోజున సర్దక తప్పదు, పావుగంటలో అయిపోతుంది. అదే బకెట్ పెట్టుకుంటే ఆరు నెలలకు మీ మూడు క్యారీ బ్యాగులు నాలుగవుతాయి.

రెండో విషయం, ఆకారాన్ని బట్టి సర్దకండి. దీనికి నేను డబ్బు కట్టి మరీ నేర్చుకున్నాను. మొదట్లో నా దగ్గర "మూడు కాళ్లవి" అని ఒక సొరుగు ఉండేది. టీవో-220 అనే మూడు కాళ్ల బాడీ ఉన్నవన్నీ అందులోనే. వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్లు, స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్లు, ట్రయాక్‌లు, టిప్122 ట్రాన్సిస్టర్లు, అన్నీ. ఒక మే నెల సాయంత్రం ఒకాయన ఇన్వర్టర్ పట్టుకొచ్చి, ఇంట్లో చంటిబిడ్డ ఉందని షాపులోనే కూర్చున్నాడు. వీధి మొత్తం కరెంటు లేదు. షాపులో వెలుగుతున్న ఒక్క చిన్న బల్బు కింద, 7805 రెగ్యులేటర్ అనుకుని 7812 వేశాను. రెండూ కవల పిల్లలే, మీద అచ్చు కూడా మసగ్గా ఉంది. 5 వోల్టులు రావలసిన చోట 12 వచ్చి కంట్రోల్ బోర్డులో మైక్రోకంట్రోలర్ పోయింది. అందులో కంపెనీ ప్రోగ్రాం ఉంటుంది, విడి చిప్ తెచ్చి వేయడానికి కుదరదు. కొత్త బోర్డు నా జేబులోంచి కొనిచ్చాను.

ఇప్పుడు రెగ్యులేటర్లు ఒకచోట, మాస్‌ఫెట్లు ఒకచోట, ట్రయాక్‌లు ఒకచోట. రెగ్యులేటర్లలోనూ ఒక్కో నంబరుకు ఒక్కో జిప్ కవరు, దాని మీద కాళ్ల వరస. ఎందుకంటే 7805 ను అచ్చు మనవైపు పెట్టుకుని చూస్తే ఎడమ నుంచి ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. 7905 లో మొదటిది గ్రౌండ్, మధ్యది ఇన్‌పుట్. ఎల్‌ఎం317 అయితే అడ్జస్ట్, అవుట్‌పుట్, ఇన్‌పుట్. మూడింటికీ ఒకటే బాడీ. కవరు మీద రాసి ఉంటే ప్రతిసారీ డేటాషీట్ వెతకక్కర్లేదు.

రాయడం గురించి ఇంకో మాట. పార్టు మీద ఏముందో అదే రాయండి. సెరామిక్ కెపాసిటర్ల అర మీద "0.1 మైక్రోఫారాడ్" అని, ఇంకో అర మీద "100 నానో" అని రాసుకుని, రెండూ ఒకటేనని తెలియక రెండుసార్లు కొన్నవాళ్లను చూశాను. దాని మీద 104 అని ఉంటుంది, మీరూ 104 అనే పెద్దగా రాయండి, కింద చిన్నగా విలువ. కొన్న కవరు మీద కాగితం చీటీ ఉంటే కత్తిరించి లోపల వేసేయండి, అంతకన్నా మంచి లేబుల్ లేదు. ఇప్పుడు చవకగా వస్తున్న బ్లూటూత్ లేబుల్ ప్రింటర్లు చాలావరకు వేడితో అచ్చు పడే రకం. బస్సు టికెట్‌లాగే ఎండకూ వేడికీ వెలిసిపోతాయి. నేను మాస్కింగ్ టేపు మీద పర్మనెంట్ మార్కర్‌తోనే రాస్తాను. అందంగా ఉండదు, పదేళ్లు ఉంటుంది. నేరుగా ప్లాస్టిక్ మీద మాత్రం రాయొద్దు, బోర్డులు తుడిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అంటిన చెయ్యి తగిలితే చెరిగిపోతుంది.

ఇప్పుడు పాప కలిపేసిన రెసిస్టర్లు. నిజం చెప్పాలంటే, ఆ కిట్ మొత్తం ఖరీదు మీరు సర్దడానికి కూర్చునే ఒక ఆదివారం పూటకు తక్కువే. విసుగనిపిస్తే కొత్తది కొనుక్కోండి, ఎవరూ ఏమనరు. కానీ ఒకసారి చేతితో వేరుచేస్తే విలువలు మనసులో కూర్చుంటాయి, అందుకని నేనైతే చేస్తాను. కిట్‌లలో వచ్చేవి ఎక్కువగా నీలం రంగు, ఐదు గీతల ఒక శాతం రకం. ఆ నీలం మీద బ్రౌన్, రెడ్, ఆరెంజ్ మూడూ ఒకేలా కనిపిస్తాయి. 40 దాటిన నా కళ్లకే కాదు, కుర్రాళ్లకూ అంతే. రంగుల జోలికి పోకుండా మల్టీమీటర్ పట్టుకోండి.

రెండు స్టీలు స్కేళ్లను బల్ల మీద రెండు సెంటీమీటర్ల ఎడంతో పక్కపక్కన టేపుతో అంటించండి. మీటరు వైర్లు మొసలి క్లిప్పులతో ఒక్కోదానికి తగిలించండి. రెసిస్టర్‌ను రెండింటి మీద అడ్డంగా పెట్టి, కాళ్లను పెన్సిల్ వెనక రబ్బరుతో నొక్కితే చాలు, అంకె వస్తుంది. వేళ్లతో రెండు కాళ్లూ పట్టుకోవద్దు. చిన్న విలువలకు తేడా రాదు గానీ, లక్ష ఓములు దాటాక మీ శరీరం కూడా లెక్కలోకి వచ్చి మీటరు తక్కువ చూపిస్తుంది.

ఒకేసారి 30 కుప్పలు పోయకండి, మధ్యలో తల తిరుగుతుంది. మొదటి విడతలో ఆరు ప్లేట్లు చాలు: వంద లోపు, వంద నుంచి వెయ్యి, 1కే నుంచి 10కే, 10కే నుంచి 100కే, 100కే నుంచి 1 మెగా, ఆపైన. తర్వాత ఒక్కో ప్లేటును విడివిడిగా తీసుకోండి. ఒక్కో ప్లేటులో మళ్లీ అవే అంకెలు వస్తాయని గమనిస్తారు: 10, 12, 15, 18, 22, 27, 33, 39, 47, 56, 68, 82. ఇదే ఈ12 వరస. ప్రతి పది రెట్లకూ ఈ పన్నెండే తిరుగుతాయి. కిట్‌లో అన్నీ ఉండకపోవచ్చు, మధ్యలో 20, 51, 75 లాంటివి తగలొచ్చు. అవి ఈ24 వరసవి.

దాచడం కూడా ఇదే లెక్కన. ఆరు పోస్టు కవర్ల కట్టలు, కట్టకు పన్నెండు కవర్లు. 4.7కే కావాలంటే మూడో కట్టలో "47". వెతకడం అంటూ ఉండదు. నాలుగు గీతల పాత రకాలైతే ఇంకా సులువు, మూడో గీత రంగే కట్ట పేరు: బ్లాక్, బ్రౌన్, రెడ్, ఆరెంజ్, ఎల్లో, గ్రీన్. కొత్తవి కొన్నప్పుడు కాగితం టేపు పట్టీలోంచి విప్పకండి, పట్టీ మీదే విలువ రాసి అలాగే పెట్టండి. కట్టలకు రబ్బరు బ్యాండ్లు మాత్రం వద్దు. మన వేసవికి కరిగి బంకలా కాళ్లకు అంటుకుంటాయి. దారం కట్టండి.

ఆ కట్టల్లో ఒక్కో కవరు అడుగున పది రెసిస్టర్లు చిన్న పొట్లం కట్టి, ఎర్ర గీత గీసి పెడతాను. పైన ఉన్నవి అయిపోయి ఆ పొట్లం విప్పానంటే కొనాల్సిన చీటీలో రాయాలని అర్థం. స్టాక్ రిజిస్టర్ పని అదే చేస్తుంది. కంప్యూటర్‌లో రాసుకోవాలా అంటే, రకాలు మూడు వందలు దాటేవరకు నోటు పుస్తకమో, గూగుల్ షీటో చాలు. దాటాక ఇన్వెన్‌ట్రీ, పార్ట్-డీబీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కానీ వాటిని ఎక్కించడమే ఒక హాబీ అయిపోయి, సోల్డరింగ్ ఐరన్ చల్లారిపోయినవాళ్లు నాకు తెలుసు.

సర్ఫేస్ మౌంట్ పార్టులు (పొడవాటి కాళ్లు లేకుండా బోర్డు మీదే అతికించే చిన్నవి) మీ దగ్గర ఉంటే ఒక్కటే నియమం. సోల్డర్ చేసే క్షణం వరకు పట్టీలోంచి తీయకండి. రెసిస్టర్ మీద 103 అనో 472 అనో ఉంటుంది, సెరామిక్ కెపాసిటర్ మీద ఏమీ ఉండదు. పట్టీ వదిలిందంటే దాని పేరు పోయినట్టే. విజిటింగ్ కార్డుల ఆల్బమ్ తెచ్చుకుని ఒక్కో జేబులో ఒక్కో పట్టీ ముక్క దోపేయండి. ఐసీలు మాత్రం ఆ ప్లాస్టిక్ జేబుల్లో వద్దు.

ఎందుకు వద్దో చెప్పాలంటే స్టాటిక్ గురించి చెప్పాలి. మొదట్లో ప్రతి వినాయక చవితికీ పందిళ్లకు పరుగెత్తే లైట్లు చేసిచ్చేవాణ్ని, 555 టైమర్ ఐసీ ఒకటి, సీడీ4017 కౌంటర్ ఐసీ ఒకటి వేసి. ఐసీల కాళ్లు వంగకుండా థర్మాకోల్ ముక్కకు గుచ్చి దాచేవాణ్ని. మా గురువుగారూ అలాగే చేసేవారు. ఒక ఏడాది ఐదు 4017 ల్లో రెండు పనిచేయలేదు. అవి స్టాటిక్ వల్లే పోయాయని నిరూపించలేను, నాసిరకం సరుకైనా కావచ్చు. కానీ థర్మాకోల్‌ను చేతికి రుద్ది చూడండి, పొడి ఎలా అంటుకుంటుందో. 4017 లాంటి సీమాస్ ఐసీని (స్టాటిక్‌కు తొందరగా పాడయ్యే రకం) దాచడానికి అంతకన్నా చెడ్డ చోటు దొరకదు. మనకు వేలికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3000 వోల్టులు ఉండాలి. ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ అనే మాస్‌ఫెట్ గేటు (కంట్రోల్ కాలు) తట్టుకునేది 20 వోల్టులే. అంటే మీకు ఏమీ తెలియకుండానే అది పోవచ్చు.

అయినా అన్నింటికీ కవర్లు అక్కర్లేదు. రెసిస్టర్లు, మామూలు కెపాసిటర్లు, 1ఎన్4007 లు, స్విచ్‌లు, రిలేలు, కనెక్టర్లు మామూలు ప్లాస్టిక్ అరల్లో ఉండొచ్చు. మాస్‌ఫెట్లు, ఐసీలు, ఈఎస్‌పీ32 లాంటి బోర్డులు, సెన్సార్లు వెండి రంగు కవర్లలో ఉండాలి. గులాబీ రంగు కవరు తనంతట తాను స్టాటిక్ పుట్టించదు, అంతే. బయటి నుంచి వచ్చేదాన్ని ఆపేది వెండి కవరే. దానికి స్టేప్లర్ పిన్ను కొట్టకండి, చిల్లు పడితే రక్షణ పోయినట్టే. వెండి కవరు లేకపోతే వంటింటి అల్యూమినియం ఫాయిల్‌లో కాళ్లు మునిగేలా చుట్టండి, బాగా పనిచేస్తుంది. బటన్ సెల్ ఉన్న బోర్డును మాత్రం ఫాయిల్‌లో చుట్టొద్దు, షార్ట్ అవుతుంది.

చేతికి కట్టుకునే స్ట్రాప్ కొంటే దాని తీగలో 1 మెగా ఓమ్ రెసిస్టర్ ఉందో లేదో మీటరుతో చూసుకోండి. దాన్ని తగిలించే ప్లగ్గు మూడో పిన్నుకు నిజంగా ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత అపార్టుమెంట్లలో చాలాచోట్ల ఆ పిన్ను అలంకారమే. కరెంటు ఉన్న మెయిన్స్ బోర్డు మీద పనిచేసేటప్పుడు స్ట్రాప్ తీసేయాలి.

కాకినాడలో నాకు స్టాటిక్ కన్నా సముద్రపు గాలి పెద్ద శత్రువు. రెండేళ్లు బయట ఉన్న ట్రాన్సిస్టర్ కాళ్లు నల్లబడి సోల్డర్ పట్టదు, బ్లేడుతో గీకాలి. హైదరాబాద్‌లో మీకు ఆ బాధ తక్కువ, వానాకాలం నాలుగు నెలలు చూసుకుంటే చాలు. గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ వేయండి. చెప్పుల డబ్బాలో వచ్చిన పొట్లం మీ చేతికి వచ్చేసరికే తేమ తాగేసి ఉంటుంది. రంగు మారే గింజలు కొనుక్కోండి. ఆరెంజ్ రకం ఆకుపచ్చగా మారితే అవన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడి చేస్తే మళ్లీ పనికొస్తాయి. నీలం రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. బియ్యం పోసి పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, పురుగు పడుతుంది, పొడి పడుతుంది. అట్టపెట్టెలు గోడకు ఆనించి పెట్టకండి, చెదలకు విందు.

ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు చింతపండులా ఏళ్ల తరబడి నిల్వ పెట్టే సరుకు కాదు. లోపలి ఆక్సైడ్ పొర వాడకపోతే పలచబడి లీకేజీ పెరుగుతుంది. కొన్న నెల, ఏడాది కవరు మీద రాయండి, ఎక్కువ కొనకండి. రెండు మూడేళ్లు దాటినవాటిని 1కే రెసిస్టర్ ద్వారా, వోల్టేజీ కొద్దికొద్దిగా పెంచుతూ కాసేపు ఉంచి వాడండి. పాత ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) నుంచి తీసిన 400 వోల్టుల కెపాసిటర్‌ను డబ్బాలో వేసే ముందు రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటరుతో సున్నా చూసుకోవాలి.

18650 లిథియం సెల్స్ ఒక్కోటి ఒక్కో ప్లాస్టిక్ కేసులో, 3.7 నుంచి 3.8 వోల్టుల మధ్య ఉంచి దాచండి. నిండా ఛార్జి చేసి అటక మీద పెట్టకండి, మే నెలలో శ్లాబు కింద వేడి వాటిని తినేస్తుంది. సోల్డర్ పేస్ట్ ఫ్రిజ్‌లో ఉండాలి గానీ, మీ ఇంట్లో తిండి ఉన్న ఫ్రిజ్‌లో కాదు. కాబట్టి చిన్న సిరంజీ కొని తొందరగా వాడేయండి.

పాత బోర్డుల నుంచి పీకినవి దాచాలా? ట్రాన్స్‌ఫార్మర్లు, హీట్ సింకులు, రిలేలు, కనెక్టర్లు, స్క్రూలు దాచండి. రెసిస్టర్లు, చిన్న కెపాసిటర్లు వద్దు. రూపాయి కూడా చేయని పొట్టి కాళ్ల రెసిస్టర్ కోసం అర ఖర్చు చేయడం నష్టం. యూఎస్‌బీ కేబుల్స్‌లో ఛార్జింగుకు మాత్రమే పనికొచ్చేవాటికి ఎర్ర దారం కట్టండి. బోర్డు కంప్యూటర్‌లో కనిపించడం లేదని పోగొట్టుకునే గంటల్లో సగం వాటివల్లే.

చివరికి మీ 64 అరల డబ్బా. ఇప్పుడే కొనకండి. ఒక నెల జిప్ కవర్లూ చెప్పుల డబ్బాలతో గడపండి, మీకు ఏ సైజు అరలు ఎన్ని కావాలో అప్పుడు తెలుస్తుంది. చాలామందికి చిన్నవి ఇరవై, పెద్దవి ఎనిమిది చాలు, ఈఎస్‌పీ32 బోర్డు ఆ చిన్న అరల్లో పట్టనే పట్టదు. కొనేటప్పుడు జేబులో రెండు 1ఎన్4148 డయోడ్లు తీసుకెళ్లండి. అరలో వేసి, దుకాణంలోనే ఊపి చూడండి. అడ్డుపలక కిందనుంచి పక్క గదిలోకి జారితే ఆ డబ్బా వద్దు. అర పూర్తిగా లాగినప్పుడు ఊడి పడకుండా ఆపే నొక్కు ఉందో లేదో చూడండి. ఇంటికి తెచ్చాక పాపకు అందని ఎత్తులో గోడకు స్క్రూలతో బిగించండి. సీఆర్2032 బటన్ సెల్స్ మాత్రం అందులో పెట్టకండి. పిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తాయి. వాటికి తాళం వేసే బీరువాలో చోటు చూడండి.